నిద్ర ఎవరి ఖాతాలో? ఊర్మిళ పాట, లక్ష్మణుడి నవ్వు, రాత్రిపని

తెలుగు స్త్రీల రామాయణపు పాటల్లో నిద్ర చుట్టూ అల్లుకున్నవి రెండున్నాయి: ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు. వీటి మీద వచ్చిన విమర్శలో ఇప్పటికీ అందరూ ఆధారపడేది వెల్చేరు నారాయణరావు వ్యాసం. పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో 1991లో వెలువడిన ‘మెనీ రామాయణాస్’ అన్న సంపుటిలో అది ఉంది. ఈ పాటలు పాడుకునే స్త్రీలు రామాయణాన్ని అంతఃపురం వైపు నుంచి చూస్తారనీ, పైకి మర్యాద చెడకుండానే రాముడి పెద్దరికాన్ని ప్రశ్నిస్తారనీ ఆయన చూపించారు. ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు. అయితే ఆ తరహా చదువులో నిద్ర కథ నడపటానికి పనికొచ్చే ఒక ఉపాయంగా మిగిలిపోతుంది. ఈ వ్యాసంలో నిద్రను నిద్రగానే తీసుకుంటాను. ఈ రెండు పాటలూ కాపలా పని గురించినవనీ, అటువంటి పని చేసే మనిషి మనసు చెడకుండా ఉండటానికయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న వీటిలో ఉందనీ నా వాదన.

ఇలా చదవటానికి కారణం నేనుంటున్న చోటు అని ముందే చెప్పటం మంచిది. అల్ నహ్దా రెండు ఎమిరేట్ల సరిహద్దు మీద ఉంది. ఒకవైపు దుబాయి, రెండోవైపు షార్జా. పేట పేరు మాత్రం రెండువైపులా ఒకటే. దుబాయి విమానాశ్రయం దగ్గర. ఆస్పత్రులు, మందుల షాపులు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్నాయి. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో నర్సులు, ఫార్మసిస్టులు, విమానాశ్రయ ఉద్యోగులు, అమెరికా వేళలకు పనిచేసే సాఫ్ట్‌వేర్‌వాళ్ళు కనిపిస్తారు. అంటే ఇంట్లో ఒకరైనా రాత్రిపూట మెలకువగా ఉండవలసినవాళ్ళు. అరబ్బీలో నహ్దా అంటే లేవటం, మేలుకోవటం. పందొమ్మిదో శతాబ్దపు అరబ్బు సాంస్కృతిక వికాసానికి కూడా ఇదే పేరు. రాత్రి రెండింటికి ఈ భవనాల్లో ఎన్ని కిటికీలు వెలుగుతుంటాయో చూస్తే ఆ పేరుకు ఇంకో అర్థం తోస్తుంది.

పాటల్లోకి వెళ్దాం. ముందు నవ్వు.

రాముడు కొలువుతీరి ఉన్నాడు. వనవాసం ముగిసింది, యుద్ధం ముగిసింది, అందరూ సంతోషంగా ఉన్నారు. ఉన్నట్టుండి లక్ష్మణుడు నవ్వాడు. సభ నిశ్శబ్దమైపోయింది. ఎవరికి వారు ఆ నవ్వు తమ మీదేననుకున్నారు. అన్నను చంపించి రాజ్యం తీసుకున్నందుకు సుగ్రీవుడు, అన్నను విడిచి శత్రువుతో చేరినందుకు విభీషణుడు, రావణుడి ఇంట ఉండి వచ్చినందుకు సీత – ఇలా ప్రతి ఒక్కరికీ దాచుకున్న సంగతి ఒకటి బయటపడినట్టయింది. చివరికి రాముడు కూడా అలాగే అనుకుని కత్తి దూశాడు. పెద్దలు అడ్డుపడి కారణం అడిగారు. అడవికి వెళ్ళిన కొత్తలో నిద్ర తన దగ్గరకు వస్తే, పద్నాలుగేళ్ళు నా జోలికి రాకు, అయోధ్యకు తిరిగి వెళ్ళాక రమ్మని పంపేశాననీ, ఆమె మాట తప్పకుండా ఇప్పుడు, నిండు కొలువులో, వచ్చి ముందు నిలబడిందనీ, అందుకే నవ్వు వచ్చిందనీ లక్ష్మణుడు చెప్పాడు.

వాల్మీకిలో ఇంత లేదు. గంగ ఒడ్డున గుహుడు పడక చూపించినా పడుకోకుండా లక్ష్మణుడు ఆ రాత్రంతా కాపలా కాసిన ఘట్టం ఉంది. ఆ ఒక్క రాత్రిని పద్నాలుగేళ్ళకు సాగదీసినవి తరవాతి కథలు. సాధారణంగా ఈ పెంపును సోదరభక్తికి అతిశయోక్తిగా చదువుతాం. పాట ఆ భక్తిని పొగిడి ఊరుకోలేదు. అన్నేళ్ళు నిద్ర లేకపోతే ఏమవుతుందని అడిగింది. ఏదో ఒకటి అవుతుందని, అది ఆ పని జరుగుతున్నప్పుడు కాక పని ముగిశాక, అందరూ క్షేమంగా ఉన్న సమయంలో, ఏమాత్రం పొసగని రూపంలో బయటపడుతుందని జవాబు చెప్పింది.

ఈ జవాబులో ఎంత పరిశీలన ఉందో తెలియాలంటే కాపలా అన్న పని స్వభావం కొంచెం చూడాలి. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ తెర ముందు కూర్చునేవాళ్ళు ఎందుకు పొరపాట్లు చేస్తున్నారో తెలుసుకోవటానికి నార్మన్ మాక్‌వర్త్ బ్రిటిష్ వైమానిక దళం కోసం ప్రయోగాలు చేశాడు. గడియారపు ముల్లులాంటిది గెంతుతూ పోతుంటుంది, అరుదుగా ఒకసారి రెట్టింపు గెంతుతుంది, అది పట్టుకోవాలి. మొదటి అరగంటలోనే మనుషుల చూపు మొద్దుబారిందని 1948లో ఆయన ప్రచురించిన ఫలితాల్లో తేలింది. పనేమీ కనపడదు, కదలికేమీ ఉండదు, అయినా అలసట మాత్రం నిజం. రాత్రి వార్డులో మానిటర్లు చూస్తూ కూర్చున్న నర్సును, రాత్రంతా ఏమీ జరగలేదు కదా, ఇంకేం కష్టం అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఏమీ జరగకుండా చూడటమే ఆ పని.

నిద్ర లేకపోవటం గురించి తెలిసిన సంగతి ఇంకొకటి ఇక్కడ చెప్పుకోవాలి. పదిహేడు గంటలు వరసగా మేలుకున్న మనిషి చేతిచురుకు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్న మనిషి చేతిచురుకుతో సమానమని డాసన్, రీడ్ 1997లో నేచర్ పత్రికలో చూపించారు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వాన్ డోంగెన్, డింజెస్ బృందం చేసిన పరిశీలన ఇంకా దిగులు పుట్టించేది. పద్నాలుగు రోజులు (కాకతాళీయమే అయినా ఆ అంకె చూడండి) రాత్రికి ఆరుగంటలు మించి పడుకోనివ్వకపోతే, ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేనివాళ్ళతో సమానంగా శ్రద్ధ దెబ్బతింది. అయితే ఆ మనుషులకు తాము అంతగా దిగజారామని తెలియలేదు. కొద్దిగా మగతగా ఉంది, అలవాటైపోయింది అన్నారు. బాకీ పెరుగుతున్నా బాకీదారుకు లెక్క అందదు. లక్ష్మణుడు కూడా తనకు నిద్ర కావాలని నోరు తెరిచి అడగలేదు. నిద్రే వచ్చి నిలబడింది.

నవ్వు మీద సభ స్పందన నా దృష్టిలో పాటకు గుండెకాయ. నారాయణరావు గారి చదువులో ఈ ఘట్టం రామాయణ పాత్రల గుట్టు రట్టు చేస్తుంది, నిజమే. ఒక పనిచోటు అలసిన మనిషిని ఎలా చదువుతుందో కూడా అది చూపిస్తుంది. అలసిన మనిషి వేళకాని వేళ నవ్వుతాడు, లేదా కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, లేదా మీటింగులో ఉన్నట్టుండి మాట పెంచుతాడు. అది శరీరానికి సంబంధించిన సంగతి. చూసేవాళ్ళు దాన్ని వ్యాఖ్యగా తీసుకుంటారు: నన్నే అన్నాడు, సంస్థను అన్నాడు, మర్యాద తెలియదు. ఎవరి అపరాధభావం వాళ్ళ చేత ఆ నవ్వుకు అర్థం రాయిస్తుంది. సభలో అత్యంత అధికారం ఉన్నవాడి చేతిలో ఆ అర్థం శిక్షగా మారుతుంది. సెలవు అడగకుండా ఏడ్చినందుకు హెచ్చరిక ఉత్తరం అందుకున్నవాళ్ళు ఈ సభను వెంటనే గుర్తుపడతారు.

ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ‘ద మేనేజ్డ్ హార్ట్’ రాసినప్పుడు డెల్టా విమానసంస్థ పరిచారికలను దగ్గరగా గమనించింది. చిరునవ్వు వాళ్ళ జీతంలో భాగం. లోపల ఏమున్నా బయటికి కనిపించవలసిన భావాన్ని తయారుచేసి నిలబెట్టటాన్ని ఆమె ఒక శ్రమగా లెక్కగట్టింది. దాన్ని భావశ్రమ అనుకుందాం. ప్రయాణం ముగిసి ఇంటికి చేరాక కూడా ఆ తెచ్చిపెట్టుకున్న హుషారు దిగక అవస్థపడేవాళ్ళ గురించి ఆమె రాసింది. లక్ష్మణుడి నవ్వు దీనికి అవతలి కొస. పద్నాలుగేళ్ళు పెదవి మీద ఏమీ కనిపించకుండా నిలబడ్డ మనిషి ముఖం మీదికి ఒక భావం ఆజ్ఞ లేకుండా వచ్చింది. సంస్థ అమ్ముకునే నవ్వుకు విలువ ఉంది, అనుకోకుండా వచ్చిన నవ్వుకు కత్తి ఉంది.

ఇప్పుడు ఊర్మిళ పాట. ఇందులో లెక్క వేరుగా నడుస్తుంది. లక్ష్మణుడు అడవికి వెళ్ళాడు, ఊర్మిళను తీసుకువెళ్ళలేదు. ఆమె పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. అతని నిద్రను ఆమె తీసుకుందనీ, ఆమె మెలకువను అతనికిచ్చిందనీ సంప్రదాయం చెబుతుంది. తిరిగి వచ్చాక కొలువు పనుల్లో పడిపోయిన లక్ష్మణుడికి భార్య గుర్తుకు రాలేదు. సీత గుర్తుచేసి పంపించవలసి వచ్చింది. తీరా వెళ్తే ఊర్మిళ అతన్ని గుర్తుపట్టలేదు. పరాయి మగవాడు పడకగదిలోకి వచ్చాడనుకుని, పరస్త్రీని కోరినవాళ్ళు ఏమయ్యారో చెప్పి హెచ్చరించింది.

రెండు పాటలనూ పక్కపక్కన పెడితే పొసగని సంగతి ఒకటి కనిపిస్తుంది. ఊర్మిళ అతని వాటా నిద్ర పోయివుంటే, నిద్ర మళ్ళీ కొలువులోకి రావలసిన పనేమిటి? బాకీ తీరిపోయింది కదా. జానపద సాహిత్యంలో ఇలాంటివి మామూలే, ఎవరి పాట వారిది అని దాటిపోవచ్చు. నాకు అలా దాటటం ఇష్టం లేదు. రెండు పాటలనూ ఒకే ఇళ్ళలోని స్త్రీలు పాడుకున్నారు. వాళ్ళకు ఈ వైరుధ్యం కనపడలేదనుకోవటం వాళ్ళను తక్కువ చేయటమే. నిద్రను మానేయవలసి వచ్చిన మనిషికి రెండే దారులున్నాయని ఈ పాటలు కలిసి చెబుతున్నాయనుకుంటాను. ఒకటి వాయిదా వేయటం: నిద్రతో ఒప్పందం చేసుకుని తరవాత రమ్మనటం. రెండోది బదిలీ చేయటం: ఆ భారాన్ని ఇంట్లో ఇంకొకరి మీద పెట్టటం. వాయిదా వేస్తే కొలువులో నవ్వవలసి వస్తుంది, బదిలీ చేస్తే ఇంట్లో మనిషి గుర్తుపట్టదు. మూడో దారి, అంటే నిద్ర అక్కరలేని వీరుడు, ఈ పాటల్లో లేడు. ఏకాగ్రత, దీక్ష, కఠోరశ్రమ అన్న మాటలతో మనం పిల్లలకు నేర్పేది ఆ మూడో దారినే.

అల్ నహ్దాలో ఈ రెండు లెక్కలూ ఒకే ఇంట్లో నడుస్తుంటాయి. భార్య ఆస్పత్రిలో పన్నెండు గంటల రాత్రి షిఫ్టు చేసి వచ్చేసరికి భర్త ఆఫీసుకు బయలుదేరుతుంటాడు, పిల్లలు స్కూలు బస్సు కోసం కింద నిలబడి ఉంటారు. షార్జా వైపు ఉండి దుబాయిలో పనిచేసేవాళ్ళయితే అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద వాహనాల బారులో పోయే సమయం కూడా నిద్రలోంచే తీయాలి. పగలు ఆమె పడుకోవాలంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఆ నిశ్శబ్దాన్ని ఎవరో ఒకరు కాయాలి. అది ఒక్కోసారి ఆరు నెలలు చూసిపోదామని వచ్చిన అమ్మ, ఒక్కోసారి పనిమనిషి. ఊర్మిళ ఇక్కడ ఒక్క మనిషి కాదు, వరస కట్టిన మనుషులు. వలస వచ్చిన స్త్రీ పరాయి పిల్లలను చూస్తుంటే ఆమె పిల్లలను ఊళ్ళో ఇంకొకరు చూసే ఈ గొలుసును హాక్‌షీల్డే తరవాత 2000లో వివరించింది.

చట్టం ఈ లెక్కలో ఎక్కడుంది? 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న యు.ఏ.ఇ. కార్మిక చట్టం (2021 నాటి 33వ డిక్రీ) ప్రకారం రోజుకు ఎనిమిది, వారానికి నలభై ఎనిమిది పనిగంటలు. వరసగా ఐదు గంటలకు మించి పనిచేయించాలంటే మధ్యలో కనీసం గంట విరామం ఇవ్వాలి. రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా అదనపు పని చేయిస్తే మామూలు గంట వేతనం మీద సగం ఎక్కువ చెల్లించాలి. రాత్రి గంటకు పగటి గంట కన్నా ఖర్చెక్కువ అని చట్టానికి తెలుసునన్నమాట. అయితే షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకు ఈ రాత్రి అదనం వర్తించదని అదే చట్టం మినహాయించింది. ఇంటి నుంచి పనిచోటికి పోయివచ్చే సమయం కూడా కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప పనిగంట కాదు. చట్టాన్ని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. ఇలాంటి మినహాయింపులు చాలా దేశాల్లో ఉన్నాయి. ఏ గంటలు ఎవరి ఖాతాలో పడుతున్నాయో చూపించటానికే ఈ ప్రస్తావన. రాత్రిపూట పని శరీరం లయను చెడగొట్టి బహుశా క్యాన్సరుకు కారణం కాగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే వర్గీకరించింది, 2019లో మళ్ళీ పరిశీలించి అదే నిలబెట్టింది. అదే 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్న్‌అవుట్‌ను తన వ్యాధుల పట్టికలో చేర్చినప్పుడు ఒక జాగ్రత్త తీసుకుంది. దాన్ని జబ్బు అనలేదు, వృత్తికి సంబంధించిన పరిణామం అంది. పనిచోట చాలాకాలంగా ఉన్న ఒత్తిడిని సరిగా నిర్వహించనందువల్ల వచ్చేదని నిర్వచించింది. నిర్వహించవలసినది ఎవరో ఆ వాక్యంలో లేదు. సంస్థలు ఆ ఖాళీలో ఉద్యోగి పేరు రాసుకున్నాయి. ధ్యానం నేర్పే యాప్‌కు చందా, నెలకొకసారి యోగా, గోడ మీద పోస్టరు.

ఇసబెల్ మెంజీస్ 1960లో లండన్‌లోని ఒక బోధనాసుపత్రి నర్సుల మీద రాసిన పత్రం ఈ సందర్భంలో ఇంకా చదవదగ్గది. చావును, నొప్పిని రోజూ చూసే ఆందోళన నుంచి నర్సులను కాపాడాలని ఆ ఆసుపత్రి కొన్ని పద్ధతులు పెట్టుకుంది. ఒక నర్సు ఒక రోగితో ఎక్కువసేపు ఉండకుండా పనులను ముక్కలు చేయటం, రోగిని పేరుతో కాక మంచం నంబరుతో, చెడిన అవయవంతో పిలవటం, నిర్ణయాలన్నీ పైకి నెట్టటం. ఈ రక్షణలే ఆందోళనను పెంచాయనీ, మంచి నర్సులు శిక్షణ మధ్యలోనే వెళ్ళిపోవటానికి కారణమయ్యాయనీ మెంజీస్ తేల్చింది. మనసును పని నుంచి విడదీస్తే మనసు క్షేమంగా ఉంటుందన్న నమ్మకం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అంటీ అంటనట్టు ఉండు అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పే సలహా దీని ఇంటి రూపం. పాటలోని లక్ష్మణుడు రాముడిని అంటీ అంటనట్టు కాపాడలేదు. అతన్ని అలసిపోజేసింది మమకారం కాదు. కాపలా మారేవాడు రాకపోవటం. పద్నాలుగేళ్ళు ఒకే మనిషి, ఒకే షిఫ్టు. అడవిలో ఉన్నది ముగ్గురు. రాముడు ఒక్క రాత్రి నేను కాస్తాను, నువ్వు పడుకో అని ఎందుకు అనలేదని పాట నేరుగా అడగదు. ముగింపులో మాత్రం రాముడి చేత ఆ బాకీ కట్టిస్తుంది.

కారణం విన్న రాముడు సిగ్గుపడ్డాడు. ఏం చేస్తే ఈ తప్పు పోతుందని వసిష్ఠుడిని అడిగాడు. లక్ష్మణుడికి పడక వేయించి కాళ్ళు పట్టమన్నాడాయన. మంచి పడక వేశారు, లక్ష్మణుడు నిద్రపోయాడు, రాముడు కూర్చుని కాళ్ళు ఒత్తాడు. ఈ పరిహారం ఎంత సూటిగా ఉందో చూడండి. లక్ష్మణుడికి ఓర్పు గురించి ఎవరూ బోధించలేదు. కొలువు మర్యాద మళ్ళీ నేర్పలేదు. నిద్ర కావలసినవాడికి నిద్ర ఇచ్చారు, అప్పటికప్పుడు, వేడుక మధ్యలో. ఆ మెలకువ వల్ల ఇన్నేళ్ళు హాయిగా పడుకున్నవాడే దాని ఖర్చు కట్టాడు. నవ్వును నేరంగా చదివి కత్తి దూసినవాడూ అతనే. ఈ మూడూ ఒకే మనిషి మీదకు రావటం పాట కట్టిన స్త్రీల తెలివి.

ఆ తరవాతి ముక్క కూడా ఉంది. లక్ష్మణుడు మేలుకుని, అన్న తన కాళ్ళు పట్టటం చూసి, ఇది తగదని వారించి, తిరిగి అన్నకు సేవ చేయబోయాడు. దీన్ని వినయంగా చదవటం సులభం. పని అలవాటు ఎంత లోతుకు పోయిందో చెప్పే వాక్యంగా నేను చదువుతాను. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషిని పడుకోమంటే, ఫరవాలేదు, నాకు అలవాటే, ముందు వంట చేసేస్తాను అనే గొంతు అది. విశ్రాంతి ఇవ్వటం ఒక ఎత్తు. అది తీసుకోవటం చేతకాకుండా పోయిన మనిషి చేత తీసుకునేట్టు చేయటం ఇంకొక ఎత్తు. పాట మొదటిది సాధించింది, రెండోది వదిలేసింది.

ఓల్గా ‘విముక్త’ (2010, ఈ సంపుటికే 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది) ఊర్మిళ వైపు లెక్కను తిరగరాసింది. ఆ కథలో ఊర్మిళ నిద్రపోలేదు. తలుపు మూసుకుని పద్నాలుగేళ్ళు ఆలోచించింది. తన బాధ ఎక్కడి నుంచి వస్తోందో, బంధాల్లో అధికారం ఎలా పనిచేస్తుందో వెతికింది. లోకం దాన్ని నిద్ర అనుకుంది. పాట ఊర్మిళ నుంచి మెలకువ తీసుకుంటే, ఓల్గా దాన్ని తిరిగి ఇచ్చి ఆమె సొంత పనికి వాడుకోనిచ్చింది. ఒంటరిగా కూర్చుని ఏకాగ్రతతో చేసే పని మనసును కాపాడగలదని కూడా ఈ కథ చెబుతుంది. ఆ పని ఎవరి కోసమన్నదే తేడా. నాకు కథ నచ్చినా ఒక్క అసంతృప్తి ఉంది. మూసిన తలుపు వెనక పద్నాలుగేళ్ళు ఆలోచించటానికి భోజనం ఎవరో తెచ్చిపెట్టాలి. అయోధ్య అంతఃపురంలో అందుకు దాసీలున్నారు. పాటలో గాని కథలో గాని వాళ్ళు ఎప్పుడు పడుకున్నారో లేదు.

అల్ నహ్దా ఫ్లాట్లలో ఆ స్థానంలో ఉన్న మనిషి కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో వచ్చి ఉండవచ్చు, కేరళ నుంచో ఫిలిప్పీన్స్ నుంచో కూడా కావచ్చు. గృహ కార్మికుల కోసం 2022లో యు.ఏ.ఇ. తెచ్చిన 9వ డిక్రీ ప్రకారం ఆమెకు రోజుకు కనీసం పన్నెండు గంటల విశ్రాంతి ఉండాలి, అందులో ఎనిమిది గంటలు ఏకబిగిన ఉండాలి, వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఉండాలి. రాత్రి ఏడుస్తున్న పసివాణ్ణి ఎత్తుకున్న అరగంటను ఆ ఎనిమిదిలోంచి తీసేసి, గడియారాన్ని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టవలసినది ఆ ఇంటివాళ్ళే. పొద్దున ఎనిమిదింటికి షిఫ్టు ముగించుకుని వచ్చి, నిద్ర విలువ ఇంకెవరికన్నా బాగా తెలిసినవాళ్ళు కూడా వాళ్ళే.